ముల్లు ఆగిన చోట

ఈ వారం ఒక ప్రశ్న మీ ముందు ఉంచుతున్నాను. లేత వయసులోనే భర్తను పోగొట్టుకొన్న ఒక అమ్మాయి ఉంది. అతడు తనను ప్రాణంగా ప్రేమించాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీదనే బ్రతుకుతోంది. నిజానికి అతడు ఆమెను అసహ్యించుకొన్నాడు. ఆ సంగతి మీకు తెలుసు, ఆమెకు తెలియదు. మీరు చెబుతారా? చెప్పక ఊరుకొంటారా? ఊరుకొంటే దాన్ని దయ అనాలా, మోసం అనాలా?

ఈ ప్రశ్నను నేను కల్పించలేదు. 1947లో బ్రిటన్‌లో తయారైన 'బ్రైటన్ రాక్' అనే ముఠాల కథాచిత్రం తన చివరి నిమిషంలో ప్రేక్షకుల చేతిలో పెట్టి వెళ్లిన ప్రశ్న ఇది. దీనికి ప్రేక్షకులు చెప్పుకొన్న జవాబులు ఒకటిగా లేవు. ఆ జవాబులను పరిశీలిస్తే సినిమా సంగతి అలా ఉంచి, మన సంగతి మనకు తెలిసివస్తుంది.

ముందుగా చిత్రం గురించి నాలుగు మాటలు. దీనికి మూలం గ్రాహం గ్రీన్ 1938లో ప్రచురించిన నవల. గ్రీన్ 1926లో కథోలిక శ్రీసభలో చేరిన ఆంగ్ల రచయిత. చిత్రానికి దర్శకుడు జాన్ బౌల్టింగ్, నిర్మాత ఆయన కవల సోదరుడు రాయ్ బౌల్టింగ్. గ్రీన్, నాటక రచయిత టెరెన్స్ రాటిగన్ కలిసి చిత్రానువాదం రాశారు. ముఠా నాయకుడు పింకీగా నటించింది రిచర్డ్ అటెన్‌బరో. 1982లో 'గాంధీ' చిత్రాన్ని తీసి మన దేశంలో ఇంటింటా తెలిసిన ఆ పెద్దాయనే, ఇరవై నాలుగేళ్లయినా నిండకముందు ఈ కర్కోటకుడి వేషం కట్టారంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

కథ ఇది. లండన్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న బ్రైటన్ సముద్రతీర పట్టణం. సెలవులకు జనం వచ్చి సరదాగా తిరిగే చోటు. ఆ సందడి వెనుక గుర్రప్పందేల దగ్గర బుకీలను బెదిరించి మామూళ్లు గుంజే ముఠాలు ఉన్నాయి. జేబులో మంగలికత్తి పెట్టుకొని తిరిగే మనుషులు వాళ్లు. ఇది వట్టి కల్పన అనుకోకండి. 1936లో బ్రైటన్‌కు దగ్గరలోని లూయిస్ పందేల మైదానం వద్ద జరిగిన ముఠా దాడిలో పదహారుమందికి శిక్షలు పడ్డాయి. అలాంటి ముఠాకు నాయకుడు పదిహేడేళ్ల పింకీ. ఒక పత్రికా మనిషిని చంపుతాడు. హోటల్లో పనిచేసే రోజ్ అనే పేదపిల్లకు ఆ హత్య గుట్టు విప్పగల చిన్న సంగతి ఒకటి తెలుసు. భార్య చేత భర్తకు వ్యతిరేకంగా బలవంతాన సాక్ష్యం చెప్పించడం ఆనాటి చట్టంలో కుదరదు. అందుకే పింకీ ఆమెను పెళ్లి చేసుకొంటాడు. ఆమె అది ప్రేమ అనుకొంటుంది.

పింకీ, రోజ్ ఇద్దరూ కథోలికులే. గుడిలో గురువు ఎదుట జరగవలసిన పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరుగుతుంది. తాము చావైన పాపంలో ఉన్నామని ఇద్దరికీ తెలుసు. నరకం ఉందని ఇద్దరూ నమ్ముతారు. అయినా ఆ పిల్ల, అతడు ఎక్కడ ఉంటే తానూ అక్కడే ఉంటానని తెగించి నిలబడుతుంది.

పెళ్లిరోజున పియర్ మీద, చిల్లర వేస్తే మన గొంతును ప్లేటు మీద ముద్రించి ఇచ్చే గది ఒకటి కనబడుతుంది. నీ గొంతు నాకు గుర్తుగా ఇవ్వమని రోజ్ అడుగుతుంది. పింకీ లోపలికి వెళతాడు. ఆమె బయట అద్దం వెనుక నిలబడి మురిసిపోతూ చూస్తుంటుంది. అతడు లోపల ఆమెను తిడుతూ, నువ్వంటే నాకు అసహ్యమని ప్లేటు నింపుతాడు. వినడానికి ఇంట్లో గ్రామఫోను లేదు. ఆ ప్లేటును ఆమె నిధిలా దాచుకొంటుంది. తర్వాత ఆమె చేత ఆత్మహత్య చేయించాలని పింకీ పన్నాగం పన్నుతాడు. అది బెడిసి, పోలీసులు రాగా, పియర్ మీదనుంచి సముద్రంలో పడి చనిపోతాడు.

ఇక చివరి ఘట్టం. రోజ్ ఒక మఠకన్యతో మాట్లాడుతుంటుంది. దేవుని కరుణ ఎంతటిదో మన బుద్ధికి అందదని మఠకన్య చెబుతుంది. రోజ్ ప్లేటు పెడుతుంది. ప్రేమిస్తున్నానని చెప్పమంటావు గదా అని మొదలైన గొంతు, ఆ ప్రేమ మాట దగ్గరకు వచ్చేసరికి ముల్లు గీతలో ఇరుక్కొని, అదే మాట మళ్లీ మళ్లీ పలుకుతుంది. అసలు విషం ఆ గీతకు అవతల ఉండిపోతుంది. ఆమె ముఖం వెలుగుతుంది. కెమెరా గోడ మీది సిలువ స్వరూపం వైపు సాగుతుంది. చిత్రం ముగుస్తుంది.

ప్రేక్షకులు ఏమన్నారు?

చిత్రం విడుదలైనప్పుడు కొందరికి దాని క్రూరత్వమే కంటగింపు అయింది. డైలీ మిర్రర్ పత్రిక విమర్శకుడు దాన్ని తీవ్రంగా ఖండించాడు. యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది, ఇలాంటి మంగలికత్తుల కథ కుర్రకారుకు చూపించాలా అన్నది ఆ తరహావారి బాధ. కాలం గడిచాక అదే చిత్రానికి గౌరవం పెరిగింది. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంపిక చేసిన నూరు బ్రిటిష్ చిత్రాల జాబితాలో దీనికి పదిహేనవ స్థానం దక్కింది.

అయితే ముగింపు మీద తగవు మాత్రం తీరలేదు. ముల్లు ఆగినందుకు ఊపిరి పీల్చుకొని, కళ్లు తుడుచుకొన్నవారు కొందరు. ఇది మోసం, రచయిత రాసిన చేదును తీపి మాత్రగా మార్చారని కోపగించుకొన్నవారు మరికొందరు. నవలలో ముల్లు ఆగడమంటూ లేదు. రోజ్ పాపసంకీర్తనం చేసుకొని, ఆ ప్లేటు వినాలని ఇంటికి వేగంగా నడుస్తుండగా కథ ముగుస్తుంది. ఇంటి దగ్గర ఆమెకోసం ఏం కాచుకొని ఉందో పాఠకుడికి తెలుసు. పుస్తకం మూశాక కూడా గుండె బరువు దిగదు.

ఈ మార్పును గ్రీన్ తర్వాత తప్పుపట్టలేదు. ఇవాళ ఆగిన ముల్లు రేపు గీత దాటుతుందని ఆలోచించగల ప్రేక్షకుడు గ్రహిస్తాడని ఆయన ఉద్దేశం. 2010లో రోవాన్ జాఫీ ఇదే కథను మళ్లీ చిత్రంగా తీసినప్పుడూ ముల్లు గీతలోనే ఆగింది. అరవై ఏళ్లు దాటినా ఆ పిల్లకు నిజం వినిపించే ధైర్యం వెండితెరకు రాలేదన్నమాట.

శ్రీసభ పెద్దలు ఏమన్నారు?

అబద్ధం గురించి మన పెద్దలు చాలా లోతుగా ఆలోచించారు. ఎంత మంచి ఉద్దేశంతో ఆడినా అబద్ధం పాపమేనని పునీత అగస్తీను వాదించారు. పునీత తోమాసు అక్వినాసు అబద్ధాలను మూడు రకాలుగా విభజించారు. కీడు చేసేది ఒకటి, నవ్వుకోసం ఆడేది ఒకటి, మేలుకోసం ఆడేది ఒకటి. మూడవది అన్నిటికన్నా తేలికైనదే గాని అదీ పాపమేనన్నారు. అయితే నిజాన్ని వివేకంతో దాచి ఉంచవచ్చని కూడా ఆయనే చెప్పారు. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా ఇదే దారిలో, తెలుసుకొనే హక్కు లేనివారికి నిజం బయటపెట్టవలసిన బాధ్యత ఎవరికీ లేదని, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు మౌనం వహించాలో ప్రేమను బట్టి తేల్చుకోవాలని బోధిస్తుంది.

ఈ కొలతతో చివరి ఘట్టాన్ని చూడండి. అక్కడ అబద్ధమాడింది ఎవరు? మఠకన్యకు ప్లేటు మీద ఏముందో తెలియదు, కనుక ఆమె అబద్ధమాడలేదు. ప్లేటు మీది గీతకు నోరు లేదు. రోజ్ వింటున్నది మాత్రమే. పింకీ చచ్చిపోయాడు. ఇక నిజం తెలిసి మౌనంగా కూర్చున్నది ఎవరు? కుర్చీల్లో కూర్చున్న మనమే. ఆ హాల్లో నిజం మోస్తున్నది ప్రేక్షకుడొక్కడే. మరి ముల్లు ఆగినప్పుడు మనకు కలిగిన హాయి ఎవరికోసం?

ఇక్కడ మనల్ని మనం కాస్త నిలదీసుకోవాలి. ఆ పిల్లకు మేలు జరిగిందని సంతోషిస్తున్నామా, ఆమె ఏడుపు చూడకుండా బయటపడ్డామని సంతోషిస్తున్నామా? మేలు సంగతికి వస్తే, ఏం మేలు జరిగింది? తనను చంపబోయినవాడే తనను ప్రేమించాడని ఆమె జీవితాంతం నమ్ముతుంది. ప్రేమంటే ఇలాగే ఉంటుందని నేర్చుకొంటుంది. రేపు అలాంటివాడే మరొకడు తలుపు తడితే ఏ గుర్తుతో పోల్చుకొంటుంది? నవలలో ఇంకొక సంగతి ఉంది. ఆమె గర్భవతి కావచ్చునన్న ఆశ అక్కడ కనబడుతుంది. బిడ్డ పుడితే మీ నాన్న ఎటువంటివాడని చెబుతుంది? చనిపోయినవాడికి మన నిజంతో పనిలేదు. బ్రతికి ఉన్నవాళ్లు నడవవలసిన దారి ఉంది గనుక వాళ్లకు నిజం కావాలి.

నిజం కూడా కత్తి అవుతుంది

అయితే ముల్లు ముందుకు సాగాలి, నిజం నిజమేనని గట్టిగా పట్టుబట్టేవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఆ ప్లేటు మీద ఉన్నది ఏ రకమైన నిజం? పింకీ తన మనసులో ఉన్నదే పలికాడు. ఆ మేరకు అది నిజమే. కాని పలికింది ఎందుకు? తాను చచ్చాక కూడా ఆమెను గాయపరచడానికి. మంగలికత్తి పట్టుకొన్న చేత్తోనే ఆ మాటలనూ పట్టుకొన్నాడు. అంతేకాదు, ఆమెను ఎందుకూ పనికిరానిదానిగా తిట్టాడు. అది పచ్చి అబద్ధం. ఆ కథ మొత్తంలో తన ప్రాణాన్ని మరొకరికోసం ఇవ్వడానికి సిద్ధపడింది ఆ పిల్ల ఒక్కతే. దారి తప్పిన ప్రేమే కావచ్చు, అయినా అది ప్రేమే. కనుక ఆ ప్లేటు మీద పింకీ గుండె గురించిన నిజం, రోజ్ విలువ గురించిన అబద్ధం రెండూ కలిసి ఉన్నాయి. ఆమెను ఒంటరిగా గ్రామఫోను ముందు కూర్చోబెట్టి ఆ రెంటినీ కలిపి మింగించడాన్ని సత్యసేవ అని నేను ఒప్పుకోలేను.

నిజం చెప్పినవాళ్లు ఆ కథలో లేకపోలేదు. ఐడా అనే స్త్రీ ఉంది. చనిపోయిన పత్రికా మనిషికి కాసేపటి స్నేహితురాలు. అతని చావుకు కారణం తేల్చాలని పట్టువదలకుండా తిరుగుతుంది. ప్రేక్షకులకు ఆమె అంటే ఇష్టం కలగడం సహజం. నవ్వుతుంది, తాగుతుంది, న్యాయం కోరుతుంది. ఆమె లేకపోతే రోజ్ బ్రతికి బయటపడేది కాదు. ఆ ఉపకారాన్ని తక్కువ చేయకూడదు. అతడు నిన్ను ప్రేమించడంలేదు, చంపుతాడని ఐడా ఆ పిల్లకు ముఖం మీదనే చెబుతుంది. అది అక్షరాలా నిజం. కాని ఆ మాట రోజ్ చెవికి ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో నవల చెబుతుంది. బ్రైటన్ రాక్ అంటే ఆ ఊళ్లో అమ్మే కడ్డీ మిఠాయి. ఎక్కడ కొరికినా లోపల ఆ ఊరి పేరు అక్షరాలుగా కనబడుతుంది. చివరిదాకా కొరికినా అదే పేరు. ఐడా దృష్టిలో మనిషి కూడా అంతే. పుట్టినప్పుడు ఏమిటో చచ్చేదాకా అదే, మారడు. రోజ్‌కు తెలిసిన ఒకే ఒక జ్ఞానోపదేశం దీనికి ఎదురు చెబుతుంది. మనిషి పశ్చాత్తాపపడతాడు, మారతాడు, పాపసంకీర్తనం ఉన్నది అందుకే. ఐడా చెప్పిన నిజంలో పింకీ మారే దారి లేదు, రోజ్ లేచి నిలబడే దారీ లేదు. తలుపులన్నీ మూసి చెప్పిన నిజాన్ని ఎవరు మాత్రం లోపలికి రానిస్తారు?

ఆశ దేనిమీద నిలబడాలి?

నవలలోని పాపసంకీర్తనపు ఘట్టం ఇక్కడ చాలా ముఖ్యం. ముసలి గురువు ఆ పిల్ల ఏడుపు వింటాడు. ఏ ఆత్మా నశించిపోవడం భరించలేక తానే దివ్యసంస్కారాలకు దూరంగా ఉండిపోయిన ఒక ఫ్రెంచి మనిషి కథ చెబుతాడు. దేవుని కరుణ మన ఊహకు అందనిదంటాడు. అతడు నిన్ను ప్రేమించి ఉంటే అతనిలో ఎంతో కొంత మంచి ఉన్నట్టే గదా అని ఊరడిస్తాడు. రోజ్ ఆ చివరి మాటను పట్టుకొంటుంది. ప్రేమించాడనడానికి రుజువు ఇంటి దగ్గర ప్లేటు మీద ఉందని బయలుదేరుతుంది.

ప్రేక్షకులు రెండు పక్షాలుగా చీలిపోయింది ఈ 'అయితే' దగ్గరనే అని నాకు తోస్తుంది. ముల్లు ఆగాలనేవారు, ప్లేటు పలికితే ఆ పిల్ల విశ్వాసం కూలిపోతుందని భయపడుతున్నారు. ముల్లు సాగాలనేవారు, ప్లేటు పలికితే ఊరడింపు అంతా ఉత్తదని తేలిపోతుందని ఎదురుచూస్తున్నారు. ఇద్దరూ ఒకే సంగతిని నమ్ముతున్నారు: రోజ్ ఆశకు ఆధారం పింకీ గొంతు అని. ఆధారం నిజంగా అదే అయితే ఇద్దరి మాటా సరే.

కాని శ్రీసభ బోధించేది అది కాదు. పింకీ రోజ్‌ను ప్రేమించాడా లేదా అన్నదాని మీద దేవుని కరుణ ఆధారపడి లేదు. ప్రభువు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ తాను ఎవరినో ప్రేమించినట్టు రుజువు చూపించలేదు. చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు. శ్రీసభ ఎందరినో పునీతులుగా ప్రకటించింది గాని, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని పేరుపెట్టి ఎన్నడూ ప్రకటించలేదు. పింకీ నీళ్లలో పడిన ఆ క్షణంలో అతనికీ దేవునికీ మధ్య ఏం జరిగిందో రోజ్‌కు తెలియదు, మనకూ తెలియదు. అలాగని చివరి క్షణం ఉంది గదా అని పాపం మూటగట్టుకోవడం క్షేమమని కాదు. గుర్రం మీదనుంచి పడేవాడు నేల తాకేలోగా కరుణ కోరుకోవచ్చన్న లెక్క నవలలో పింకీ కూడా వేసుకొంటాడు. ఆ గడువు తీరా వచ్చినప్పుడు గుర్తుంటుందన్న హామీ ఎవరికీ లేదు. తన విషయంలో అలా లెక్కవేసుకోవడం దేవుణ్ణి శోధించడం. మరొకరి విషయంలో ఆశ వదులుకోకపోవడం మాత్రం మన ధర్మం.

రోజ్‌కు ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేది. నీ భర్త నిన్ను ప్రేమించలేదు తల్లీ, అది నీ తప్పు కాదు, అతని కోసం నువ్వు ఇంకా ప్రార్థించవచ్చు, నిన్ను ప్రేమించినవాడు వేరే ఉన్నాడు అని. అప్పుడు ముల్లు గీత దాటినా ఆమె నేల కూలకపోవచ్చు. ఏడుస్తుంది, నిజమే. ఏడుపులన్నీ నాశనానికి దారితీయవు. కెమెరా చివరకు వెళ్లి నిలిచిన సిలువ స్వరూపాన్ని కొందరు ప్రేక్షకులు బూటకపు భక్తి అని ఈసడించారు. ముల్లు ఆగింది కాబట్టి దాన్ని చూపించారనుకొంటే ఆ ఈసడింపు న్యాయమే. ముల్లు సాగినా అది ఆ గోడ మీదనే ఉంటుందని చూస్తే అర్థం వేరుగా ఉంటుంది.

మొదట్లో మరొక ఊరడింపు

ఈ చిత్రంలో ఊరడింపు ఇంకొకటి ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. తెర మీద కథ మొదలయ్యేముందే ఒక ప్రకటన వస్తుంది. బ్రైటన్ ఇప్పుడు ఎంతో స్నేహపూర్వకమైన ఊరని, ఈ కథ రెండు యుద్ధాల మధ్య కాలంనాటి మరో బ్రైటన్‌దని, ఆ చెడ్డ ఊరు ఇప్పుడు లేదని ఆ ప్రకటన సారాంశం. ఊరి పరువు కాపాడడానికి ఆ మాట అవసరమై ఉండవచ్చు. కాని రెండు ఊరడింపులనూ పక్కపక్కన పెట్టి చూడండి. పాపం మన కాలానిది కాదని మొదట్లో చెప్పారు. ప్రేమ మాట తప్ప మరేమీ వినపడలేదని చివర్లో చూపించారు. మొదటిదాన్ని నమ్మితే మన వీధిలోని పింకీని మనం గుర్తుపట్టం. రెండవదాన్ని నమ్మితే మన ఇంట్లోని రోజ్‌కు సాయపడం.

ప్రియ పాఠకులారా, చావు జరిగిన ఇంటికి మనం వెళుతూనే ఉంటాం. తాగివచ్చి కొట్టిన భర్త శవం పక్కన కూర్చున్న భార్యతో, ఎంత మంచివాడమ్మా అనేస్తాం. కడుపులో ఏనాడూ ప్రేమ చూపని తండ్రి గురించి బిడ్డలతో, చివరిదాకా మీ పేర్లే తలచుకొన్నాడంటాం. అలా తలచుకోలేదని మనకు తెలుసు. ఆ మాటలు వాళ్ల దుఃఖం తీర్చడానికి అంటున్నామా, ఆ ఇంట్లో మనకు కలుగుతున్న ఇబ్బందిని తీర్చుకోవడానికి అంటున్నామా? మౌనంగా చేయి పట్టుకొని కూర్చోవడంలో అబద్ధం లేదు. నీకు చాలా కష్టం జరిగింది తల్లీ అనడంలో అబద్ధం లేదు. అతని ఆత్మకోసం ప్రార్థిద్దాం అనడంలో అంతకన్నా లేదు. ఇక పూర్తి నిజం చెప్పవలసిన రోజు వస్తే, చెప్పి లేచి వెళ్లిపోకూడదు. చెప్పినవాళ్లు ఆ తర్వాత కూడా ఆ ఇంటికి వెళుతుండాలి.

గ్రీన్ అనుకొన్నట్టు ముల్లు ఏదో ఒకనాడు గీత దాటుతుంది. ప్రతి ఇంట్లోనూ దాటుతుంది. పాత పెట్టెలో ఉత్తరం దొరుకుతుంది, ఎవరో నోరు జారతారు, ఎదిగిన బిడ్డ అడగనే అడుగుతుంది. ఆ సమయంలో రోజ్ గదిలో ఒంటరిగా ఉంటుందా, పక్కన ఎవరైనా ఉంటారా అన్నది ముల్లు చేతిలో లేదు. మీకు తెలిసిన రోజ్ ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒకసారి ఆమె ఇంటికి వెళ్లి రండి.